మగ్గం ఆపిన చోట

వసంతకు గుండెదడ పట్టుకుని ఏడాది దాటింది. గుండె గట్టిగానే ఉందని ఆదోని డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ఏం లాభం? ఆ మాట విని తిరిగొస్తూనే బస్సులో దడ మొదలై, ఊపిరాడక దారిలోనే దిగిపోయింది. అప్పటి నుంచి ఎమ్మిగనూరు దాటి కాలు బయటపెట్టలేదు.

ఇక ఆమె చేసుకున్న వైద్యాలు చూడాలి! మంత్రాలయం తీర్థం తాగింది, దర్గా తాయెత్తు కట్టుకుంది, అదీ చాలక ఫోనులో దొరికిన చిట్కాలన్నీ పాటించింది. చెప్పేవాళ్లకేం, చల్లగా కూర్చుని చెబుతారు. భయాన్ని జయించాలట, తరిమికొట్టాలట, ఊపిరి బిగబట్టి అంకెలు లెక్కపెట్టాలట. పాపం, ఒక్కటీ వదలకుండా చేసింది. మణికట్టుకు రబ్బరు బ్యాండు వేసుకుని భయమేసినప్పుడల్లా లాగి కొట్టుకుంది కూడా. చెయ్యి కందింది కానీ దడ తగ్గలేదు. పైగా అది ఎప్పుడొస్తుందోనని కాచుకుని కూర్చోవడం ఇంకో పనై కూర్చుంది. మనిషి అలిసిపోయింది.

అన్నిటినీ మించిన బాధ కూతురు ఉష గురించి. తొలి కాన్పు. పుట్టింట్లో జరగాల్సింది. తల్లికే బాగాలేదని అల్లుడు ప్రదీప్ ఆదోనిలోనే ఉంచుకున్నాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే వసంతను ఎక్కువ కోసింది. కనీసం నొప్పులనాటికైనా కూతురి పక్కన ఉండాలి, ఆలోపు ఈ దడ మాయమైపోవాలి. ఆ తంటాలన్నీ అందుకే.

ఒక ఉదయం వసంత అత్త గిరిజమ్మ, కోడలు మగ్గం మీద నేస్తున్న చీరను చేత్తో తడిమి చూసింది. ముసలామె కళ్లు మసకబారాయి కానీ వేళ్లకు అన్నీ తెలుస్తాయి. జానెడుకో అడ్డగీత తగులుతోందేమని అడిగింది. దడ వచ్చిన ప్రతిసారీ వసంత మగ్గం ఆపి, కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెడుతోంది. నేత ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట బట్ట మీద గీత పడుతుందని ఆమెకు తెలియదా? తెలుసు. అయినా ఆపింది.

గిరిజమ్మ తిట్టలేదు. మగ్గం గుంట పక్కనే చతికిలబడింది.

"పోగు తెగితే ఆపల్ల వసంతా. వదులైన పోగుకు ఎవురన్నా మగ్గం ఆపుతారా? అది అట్లే ఏలాడుతా వస్తాది. నువ్వు నేస్తా పో."

"మళ్లా బిగుసుకుంటాదా అత్తా?"

"బిగుసుకుంటే బిగుసుకుంటాది. లేకుంటే లే."

ఇదేం ధైర్యం చెప్పడమో! వసంతకు ఏడుపొచ్చింది. కానీ ఏడాదిగా, తగ్గిపోతుందని చెప్పని మనిషి ఈమె ఒక్కతే. ఎందుకో ఒళ్లు కాస్త తేలికపడింది.

మధ్యాహ్నం ప్రదీప్ ఫోన్ చేశాడు. నొప్పులు మొదలయ్యాయనీ, ఉషను ఆస్పత్రికి తీసుకొచ్చామనీ చెప్పాడు. గిరిజమ్మ తన పాత నేతచీర ఒకటి చింపి, బిడ్డను చుట్టడానికని సంచిలో పెట్టింది. వసంత బస్సెక్కింది.

ఊరు దాటకముందే దడ వచ్చేసింది. రాకేం చేస్తుంది! చేతులు చల్లబడ్డాయి, నోరు ఎండిపోయింది. బస్సు ఆపమని అడగడానికి సగం లేచింది కూడా. లేచినదల్లా సంచిని ఒళ్లోకి లాక్కుని మళ్లీ కూర్చుంది. అంకెలు లెక్కపెట్టే ఓపిక కూడా లేదు. ఈ దడ ఉంటే ఉండనీ అనుకుంది. ఉంది. ఆదోని దాకా ఆమెతోపాటే వచ్చింది, ఆస్పత్రి మెట్లూ ఎక్కింది.

మంచం మీద ఉష తల్లిని చూడగానే చెయ్యి చాచింది.

"అమ్మా, భయమైతాంది."

ఫోనులో విన్న ధైర్యవచనాలన్నీ వసంత నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"నాకూ భయంగానే ఉంది పాపా. సూడు, సేతులు ఎట్ల వణుకుతాండాయో. అయినా యాడికీ పోను. ఈడ్నే ఉంటా."

ఉష ఆ వణుకుతున్న చేతినే గట్టిగా పట్టుకుంది.