ఏడవని పాప

జూన్ పదకొండు. బరువు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. నెలలు నిండడానికి ఐదు వారాల ముందే పుట్టినా బుగ్గలతో నిండుగా కనిపించిన ఆ పాపను చూసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

తల్లి ఎనిమిది అంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేది. "రోజంతా పైకి పోతూనే ఉంటావు, ప్రమోషన్ మాత్రం రాదేంటి లిఫ్టక్కా?" అని గుమాస్తాలు ఆటపట్టించేవారు. బదులు మనిషి వస్తే తప్ప స్టూలు దిగకూడదన్నది సూపర్‌వైజర్ ఆజ్ఞ. ఆ మనిషి వచ్చేది భోజనం వేళకే. అందుకని ఆమె నీళ్లు తాగడమే తగ్గించుకుంది. ఏడో నెలలో మూత్రంలో మంట మొదలైతే వేడి చేసిందనుకుంది. ఎనిమిదో నెలలో చలిజ్వరంతో పాటే నొప్పులు వచ్చాయి. ముందస్తు కాన్పుకు మూత్రంలోని ఇన్‌ఫెక్షనే కారణమై ఉండవచ్చని డాక్టరమ్మ చెప్పింది.

ఇంటికి వచ్చాక ఆమెకు దక్కినది లిఫ్టుకన్నా కాస్త పెద్ద గది. పాప ఏడ్చేది కాదు. రొమ్ము అందిస్తే రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారుకునేది.

"లేపొద్దే! నిద్రలోనే ఒళ్లు చేస్తారు పిల్లలు. నీ మొగుడు పుట్టినప్పుడు వీధి వీధంతా జాగారమే. ఇది బంగారుతల్లి," అంది అత్త.

"పాలు తాగట్లేదత్తయ్యా. కళ్లు కూడా పచ్చగా ఉన్నాయి."

"అది కర్టెన్ రంగు. ముగ్గుర్ని పెంచినదాన్ని, నాకే చెప్తున్నావా?"

"అమ్మకి తెలీదా? కుట్లు మానలేదు, గుమ్మం దాటకు," అని భర్త పనికి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పాదం గిల్లినా పాప కళ్లు తెరవలేదు. ఆమె పాపను దుప్పటిలో చుట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. అత్త అడ్డంగా నిలబడింది.

"తప్పుకోండత్తయ్యా."

"ఏం చూసుకునే ఈ మొండితనం?"

"మీరే గిల్లి చూడండి."

అత్త గిల్లింది. మళ్లీ, గట్టిగా గిల్లింది. ఆటో కోసం ముందు పరుగెత్తింది ఆమే.

పాపకు కామెర్లు బాగా ముదిరాయి. నీలి దీపాల కింద పడుకోబెట్టారు. "నెల తక్కువ పిల్లలు చూడ్డానికి బాగానే ఉంటారు. కానీ పాలు పీల్చే బలం చాలదు. రెండు మూడు గంటలకోసారి లేపి తాగించాల్సింది," అంది డాక్టరమ్మ.

"మాకెవరు చెప్పారమ్మా?" అంది అత్త.

మరుసటి వారం కామెర్లు తగ్గాయి, బరువు పెరిగింది. కామెర్లు ముదిరితే చెవులు దెబ్బతినవచ్చని చేసిన వినికిడి పరీక్షలో మాత్రం ఏ సంగతీ తేలలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు. అప్పటినుంచి అత్త వంట మధ్యలో గదిలోకి వచ్చి, స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడుతోంది. తల్లి ఊపిరి బిగబట్టి చూస్తుంది. పాప ఒక్కోసారి ఉలిక్కిపడుతుంది. ఒక్కోసారి పడదు.