రొమ్ములో దూది లేదు

నా చిన్నప్పుడు నాకు జరిగిన అన్యాయాలను ముందుగా వరుసలో పెడతాను. ఉగాది నాడు పిల్లలంతా వీధిలో పరుగులు తీస్తుంటే నన్ను అరుగు మీద కూర్చోబెట్టారు. ఎండాకాలమంతా తాడాట మాన్పించారు. బడి తెరిచాక, పరుగు పందెంలో నా పేరు వేయవద్దని మా అవ్వ స్వయంగా వెళ్లి చెప్పి వచ్చింది. అన్నిటికీ కారణం ఒక్కటే. పరుగెత్తితే నాకు ఊపిరి ఎగపోసేది.

మాది ఆదోనిలో పత్తిమిల్లు వెనుక వీధి. మా తాతయ్య ఆ మిల్లులో ఏళ్ల తరబడి దూదిదుమ్ము పీల్చి, చివరికి కూర్చున్నచోటే ఆయాసపడుతూ పోయాడు. అప్పటినుండి ఎవరు రొప్పినా రొమ్ములో దూది పడిందనే మా అవ్వ భయం. మా వీధిలో దుమ్ముకు బెల్లమే మందు. ఒక ముక్క నా నోట్లో పెట్టి కదలవద్దనేది.

నర్సు చదువు చదువుతున్న పక్కింటి అక్క సెలవులకు వచ్చి నా ఏడుపు విన్నది. చిన్న దూదిపింజను దారంతో మా గుమ్మానికి వేలాడదీసి, నన్ను దాని ఎదుట కూర్చోబెట్టింది. నా ఊపిరికి పింజ మెల్లగా ఊగింది. తరువాత అక్క మా అవ్వ వైపు తిరిగింది.

“అవ్వా, నువ్వు మిల్లు గేటు దాకా గబగబా పొయ్యి రాపో.”

“ఈ వయసులో నాకేం పరుగులే!” అని గొణుగుతూనే అవ్వ కొంగు దోపుకొని వెళ్లింది. తిరిగి వచ్చి పింజ ఎదుట కూలబడగానే అది ఎగిరెగిరి పడింది.

“అయ్యో, నీ రొమ్ములోనూ దూది పడిందే అవ్వా!”

“థూ, నాకేం రోగమే! బిరబిరా నడిస్తి గదా, ఊపిరి ఎగబోస్తాంది. రోంతసేపుంటే అదే తగ్గుతాది.”

అన్నాక అవ్వ నా వైపు చూసింది. ఆ చూపు ముగిసేలోపు పింజ నెమ్మదించింది.

అప్పుడు అక్క వివరించింది. ఊరికే కూర్చున్నప్పుడు ఊపిరితిత్తుల అడుగునున్న పలుచని కండరం కిందికి దిగితే గాలి లోపలికి వస్తుంది, అది సడలితే దానంతటదే బయటికి పోతుంది. పరుగెత్తితే కాళ్ల కండరాలు ప్రాణవాయువు ఎక్కువ అడుగుతాయి, చెడుగాలిని ఎక్కువ విడుస్తాయి. అందుకని పక్కటెముకల కండరాలు, పొట్ట కండరాలు కూడా పనిలోకి దిగి ఊపిరిని లోతుగా, వేగంగా ఆడిస్తాయి. గుండె కూడా వేగం పెంచి నెత్తురును తోస్తుంది. పరుగు ఆగిన కొంతసేపటికి అన్నీ కుదుటపడతాయి. తాతయ్యది కూర్చున్నా తగ్గని ఆయాసం. నాది ఆటతో వచ్చి ఆటతో పోయేది.

మర్నాడు అవ్వే బడికి వెళ్లి నా పేరు వేయించింది. పందెంలో నేను గెలవలేదు. గీత దాటి రొప్పుతూ నిలబడితే, అవ్వ నవ్వుతూ నా నోట్లో బెల్లంముక్క పెట్టింది. అంత తీపి బెల్లం మళ్లీ తినలేదు.

నేటికీ మా గుమ్మానికి ఒక దూదిపింజ వేలాడుతుంది. మొన్న ఎమ్మిగనూరులో మా మనవరాలు పరుగు సాధన తరువాత రొప్పిందని, ఆమె పేరును బడివారు పందెం నుండి తొలగించారు. ఇంటికి తీసుకువచ్చి, వీధిలో మళ్లీ పరుగెత్తించి పింజ ముందు నిలబెట్టాను. కాసేపటికే అది నెమ్మదించింది. వైద్యుడు కూడా చూసి పిల్ల ఊపిరితిత్తులు బాగున్నాయన్నాడు. కావున ఏ కారణంతో తొలగించారో బడివారైన మీరు నాకు రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసినదిగా కోరుతున్నాను. రాసే ముందు ఒక్కసారి మేడమెట్లు గబగబా ఎక్కి దిగండి. మీ ఊపిరి కుదుటపడ్డాక కలం పట్టండి.