నాలుగు పేజీల కచ్చాకుట్టు

మా ప్రాంప్టర్ పోయాడు. పోయిన నెలలో ఒక పొద్దున టీ తాగుతుంటే ఫోన్‌కు ఫోటో వచ్చింది. చుట్టూ గులాబీలు, కింద పెద్ద అక్షరాలతో 'ప్రముఖ రంగస్థల నటులు ఇక లేరు'. పంపింది మా మెదక్ నాటక సమాజం. ముప్పై ఏళ్లు తమతో పనిచేసిన మనిషి ఒక్కనాడూ ముఖానికి రంగు పూసుకోలేదని, ఒక్కనాడూ జనానికి కనబడలేదని వాళ్లకు గుర్తు లేదు. పక్కతెర వెనుక రేకు స్టూలు మీద కూర్చుని, మెడలో టేపు వేలాడుతుండగా, నటులకు మాటలు అందించడం ఆయన పని. వృత్తికి దర్జీ. ఊరంతా మాస్టర్ అని పిలిచేది. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చివరి తొమ్మిదేళ్లు మాత్రం ఏమనీ పిలవలేదు.

సంగతేమిటో సంతాపసభలో చెబుదామనుకున్నాను. మైకు నా దాకా రాలేదు. అక్కడ కట్టిన ఫ్లెక్సీలో పోయినవాడి బొమ్మ అరచేయంత, సమాజం అధ్యక్షుడి బొమ్మ తలుపంత. ఈ అధ్యక్షుడు నా నాటకాల్లో ముఖ్యవేషాలు కట్టినవాడే. చాలాసేపు మాట్లాడాడు, ఎక్కువగా తన గురించే. ఆఖర్న, "మాస్టర్‌కు జర మతిమరుపు. ఒకపారి నాటకం నడుస్తుంటే నాలుగు పేజీలు ఎగరగొట్టిండు. నేనుంటి గన్క సంభాళించిన" అన్నాడు. సభ నవ్వింది. నేను లేచి బయటికి వచ్చేశాను. అది మతిమరుపు కాదని అప్పటికే నాకు తెలుసు. తెలిసి ఒక వారం.

మాస్టర్ చదివింది ఉర్దూ మీడియం. తెలుగు మనలాగే మాట్లాడేవాడు కానీ అక్షరాలు రావు. అందుకని కొత్త నాటకం రాసినప్పుడల్లా చర్చికి పోయే దారిలో ఉన్న ఆయన దుకాణంలో కూర్చుని నేను చదివేవాణ్ణి. ఆయన మిషను ఆపి, మొత్తం ఉర్దూ అక్షరాల్లో నోటుపుస్తకంలోకి దింపుకునేవాడు. నేను తెలుగులో రాసిన మాటలన్నీ ఆయన చేతిలో కుడి నుంచి ఎడమకు నడిచేవి. రాస్తూ రాస్తూ ఎక్కడైనా పెన్ను ఆగిందంటే అక్కడ హాస్యం పండలేదని అర్థం. నోటితో ఏమీ అనేవాడు కాదు. నేను ఇంటికి పోయి ఆ మాట మార్చుకుని వచ్చేవాణ్ణి.

హాస్యం మీద నా దగ్గర అల్మారా నిండా పుస్తకాలున్నాయి. తెలుగువి, ఇంగ్లీషువి, సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. ఈ దర్జీకి తెలిసిన ఒక పని వాటిలో దేనిలోనూ లేదు. జనం నవ్వగానే ఆయన తెర చాటున ఎడమచెయ్యి పైకెత్తేవాడు. చెయ్యి పైనున్నంతసేపు స్టేజీ మీద ఎవరూ నోరు విప్పకూడదు. చెయ్యి దిగాకే తర్వాతి మాట.

ఒకసారి శంకరంపేటలో ఆడుతున్నాం. నవ్వులు సద్దుమణిగి చాలాసేపైనా చెయ్యి దిగలేదు. నటులు బొమ్మల్లా నిలబడిపోయారు. నేను పక్కకు పోయి, "ఏంది మాస్టర్, అందరు ఊకున్నరు గద" అన్నాను.

"ఆ గుంజ కాడ ముసలామె ఇంక నవ్వుతున్నది, సాబ్. ఆమెనొక్కదాన్ని ఇడిసిపెట్టి ఎట్ల పోతం?"

ఆమె నవ్వు అయ్యాక, కొంగుతో కళ్లు తుడుచుకున్నాక, చెయ్యి దింపాడు.

ఇక తొమ్మిదేళ్ల కిందటి సంగతి. అప్పట్లో మా ఆఫీసు సూపరింటెండెంట్ అంటే నాకు పడేది కాదు. నేను రాసిన ఉత్తరాలను అందరి ముందూ ఎర్రపెన్సిలుతో కొట్టేసి, "గిది నాటకం గాదయ్యా, ఆఫీసు" అనేవాడు. ఆయనకొక అలవాటుండేది. మధ్యాహ్నం పెద్ద ఫైలు ఒకటి అడ్డంగా నిలబెట్టుకుని, దాని చాటున గబగబా తినేవాడు. ఒకనాడు తొంగి చూశాను. నల్లగా మాడిన రొట్టెలు. నాకు అంతకంటే ఏం కావాలి? గోడ గడియారం ఆగిపోయిన ఒక ఆఫీసు మీద నాటకం రాసి, మధ్యలో నాలుగు పేజీల సీను పెట్టాను. ఫైలు చాటు, మాడిన రొట్టెలు, ఆయన దగ్గు, ఎర్రపెన్సిలు, ఏదీ వదల్లేదు. నేనే వెళ్లి ఆయన్ను పిలిచి వచ్చాను. నా చేతులతో ముందు వరుసలో కుర్చీ వేశాను.

"ఇయ్యాల ఆయన మొఖం చూడాలె, మాస్టర్" అని నాటకం రోజు పొద్దున దుకాణంలో అన్నాను కూడా. మాస్టర్ సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు.

సాయంత్రం బస్టాండు వెనుక రేకుల హాలులో నాటకం మొదలైంది. బాగానే నడుస్తోంది. నా సీను వచ్చే చోట మాస్టర్ గొంతు దాని తర్వాతి సీను మాట అందించింది. నటులకు ఆ గొంతు ఏది చెబితే అదే నాటకం. మారు ఆలోచన లేకుండా ముందుకు సాగిపోయారు. ముందు వరుసలో సూపరింటెండెంట్ హాయిగా నవ్వుతున్నాడు.

తెర పడ్డాక నేను అందరి ముందూ అరిచాను. "సదువు రానోని చేతిల పుస్తకం పెడితే గిట్లనే ఐతది" అన్నాను. నాకోసం ముప్పై ఏళ్లు తెలుగును ఉర్దూలోకి దింపుకున్న మనిషిని ఆ మాట అన్నాను.

ఆయన పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, "తప్పైంది, సాబ్. పేజీలు అతుక్కున్నయి" అన్నాడు. అంతే.

ఇంటికి పోయి నా నాటకాలన్నీ చించి పొయ్యిలో వేశాను. మళ్లీ రాయలేదు. వేరే దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకున్నాను. ఆయన దుకాణం ఉన్న దారి మానేసి చుట్టు తిరిగి పోయాను.

ఒక్కసారి రామాయంపేటలో, మెదక్ బస్సు కోసం చూస్తుంటే ఎదురుపడ్డాడు. "మంచిగున్నరా, సాబ్? కూసోండ్రి" అంటూ బెంచీ మీద జరిగాడు. నేను నిలబడే ఉన్నాను. బస్సు రాగానే జనంతోపాటు పరుగెత్తి, కిటికీలోంచి దస్తీ వేసి రెండు సీట్లు పట్టాడు. నేను వెనుక తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని నిలుచున్నాను. కండక్టర్ అడగడం నాకు వినబడింది.

"గీ సీటు ఎవరిదే?"

"ఒస్తరు" అన్నాడు మాస్టర్.

మెదక్ దాకా ఎంతమంది గొణిగినా ఆ దస్తీ తీయలేదు. నేనూ పోలేదు. ఇది రాస్తుంటే మొదట గుర్తొస్తున్నది ఆ సీటే.

మాస్టర్ పోయిన మూడోనాడు వాళ్లింటికి వెళ్లాను. గడపలో చెప్పులు విప్పుతుంటే, వెనక్కి పొమ్మన్నా పోవాల్సినవాణ్ణే అనుకున్నాను. ఆయన బిడ్డ ఉర్దూ బడిలో టీచరు. "రాండ్రి, చాచా" అని ముందుగదిలో కూర్చోబెట్టింది. లోపలి నుంచి నోటుపుస్తకాల కట్ట తెచ్చి నా ముందు పెట్టింది. నేను తగలబెట్టిన నాటకాలన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఒక్క అక్షరమూ నేను చదవలేను.

గడియారం నాటకం పుస్తకం తెరిచి చూపించింది. నాలుగు పేజీలు తెల్లదారంతో కలిపి కుట్టి ఉన్నాయి. మిషను కుట్టు కాదు. బట్టను సరిచూసుకోవడానికి దర్జీలు చేత్తో వేసే కచ్చాకుట్టు. దారం కొస లాగితే విడిపోతుంది.

"షో దినం పగటీలి అబ్బాకు చాయ్ తీస్కపోతే కుట్టుకుంట కూసున్నడు, చాచా. గిదేంది అబ్బా, కాగితాలు కుడుతున్నవ్ అన్న. కుట్టకపోతే చేయి అల్వాటు మీద గీ పేజీలు తిప్పి సదివేస్త బేటా, అందుకే అన్నడు."

"ఎందుకట?"

"మీ సూపరింటెండెంట్ సాబ్ భార్యకు కాలు చేయి పడిపోయి ఉండె. చేతులు లేపకుంట తొడిగేటట్టు అబ్బానే జాకెట్లు కుట్టేది. సాబే తొడిగేది, సాబే వండేది."

మాడిన రొట్టెలు ఎవరు చేసినవో అప్పుడు అర్థమైంది. "నాకు చెప్పొద్దా, బిడ్డా?" అన్నాను.

"నేను గదే అడిగిన. కుట్టెటోళ్లకు మంది ఒంటి సంగతులు తెలుస్తయి బేటా, బయట చెప్పొద్దు అన్నడు."

అప్పుడే గుమ్మం దగ్గర చేతికర్ర చప్పుడైంది. సూపరింటెండెంట్. బాగా వంగిపోయాడు. మాస్టర్ బిడ్డ తలమీద చెయ్యి పెట్టి, నా పక్కన కూర్చుని, పుస్తకం కేసి చూశాడు.

"గడియారం నాటకమా గిది? ఆమె మంచంల ఉన్నప్పుడు నేను కడుపునిండ నవ్వింది గా ఒక్కదినమే. ఇంటికి పోయి మొత్తం ఆమెకు చెప్పిన. ఆమె గూడ నవ్వింది. జర సదువమ్మా."

ఆ పిల్ల నా వైపు చూసింది. వేలు దారం కొస మీద ఉంది. "విప్పాల్నా, చాచా?"

"వద్దు బిడ్డా. దాని తర్వాత సదువు" అన్నాను.

కుట్టిన పేజీలను బొటనవేలి కింద అణచిపెట్టి చదివింది. కొల్చారం నుంచి ఒక రైతు సంతకం కోసం ఆఫీసుకు వచ్చే సీను.

"రేపు రా అంటడు క్లర్కు. రైతంటడు, గిది రేపే సార్, నిన్న మీరే జెప్పిండ్రు. అయితే ఎల్లుండి రా అంటడు. ఎల్లుండి గూడ గిదే సార్, మొన్న జెప్పిండ్రు."

లోపలి గదిలో ఆడవాళ్లు ఎవరో నవ్వి, చావు ఇల్లని గుర్తొచ్చి ఆపుకున్నారు. ముందుగదిలో కూర్చున్నవాళ్లూ నవ్వి సర్దుకున్నారు. సూపరింటెండెంట్ మాత్రం ఆపుకోలేకపోయాడు. కర్రను రెండు చేతులతో పట్టుకుని, భుజాలు కదిలిపోతుండగా, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు. రాసింది నేనే. నా పెదవుల దాకా వచ్చింది.

మాస్టర్ బిడ్డ పుస్తకం మీంచి తలెత్తలేదు. ఎడమచెయ్యి మాత్రం పైకెత్తింది, ఇంకా నవ్వుతున్న ఆయన కోసం, అలాగే ఎత్తి పట్టుకుంది.