నీళ్ళు తాగని మేనత్త

మా మేనత్త అండాలమ్మ నల్లగొండ నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కూరగాయలు అమ్మేది. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు పెట్టినప్పుడల్లా పెద్ద గంజు దగ్గర గరిటె ఆమె చేతిలోనే ఉండేది.

పక్షవాతంతో ఆమె మంచాన పడ్డాక నేను బడి మానేశాను. నర్సు వచ్చి ఎనీమా ఇచ్చినప్పుడల్లా నన్నే అడిగేది, నీళ్ళు తాగించడం లేదా అని. గ్లాసు నింపి, మంచం పక్క కిటికీలో ఆమె చేతికి అందేలా పెట్టేదాన్ని. కాసేపటికి ఖాళీ అయ్యేది.

సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాయి. హయత్‌నగర్ నుంచి నర్సు రాలేకపోయింది. అత్త నొప్పితో మూలుగుతోంది. నర్సు ఫోన్‌లో అడిగింది: "కడుపు ఉబ్బి గట్టిగా ఉందా? వాంతులు, రక్తం?"

లేవన్నాను.

"అవి ఉంటే ఇవ్వకూడదు, దవాఖానకే. లేకపోతే నేను చూపించినట్టు చెయ్యి. నొప్పంటే ఆపెయ్."

"నువ్వొద్దు బిడ్డా," అంది అత్త.

ఇంటి ఓనరు, గుంటూరు కోటేశ్వరమ్మగారు పైనుంచి దిగి వచ్చి, అత్తను ఎడమపక్కకు తిప్పి మోకాళ్ళు మడిచారు.

"గీ ఆంధ్రామె ముందట నా బతుకిట్లయింది," అంది అత్త.

"ఊరుకో అండాలూ. నీళ్ళ కోసం కొట్లాడతావు, ఇచ్చిన నీళ్ళేమో కిటికీలోంచి నా గోడకి పోస్తావు. ముందు తాగడం నేర్చుకో."

కిటికీ బయటికి చూశాను. గోడ నిలువునా నానిపోయి ఉంది.

గోరువెచ్చని నీళ్ళు మణికట్టు మీద పోసి చూసుకున్నాను. గొట్టంలో గాలి పోయేదాకా నీళ్ళు వదిలి, కొసకు నూనె రాశాను. ఎనీమా సంచీ మరీ పైకి ఎత్తకుండా మెల్లగా ఇచ్చాను. అత్త కొంగు పళ్ళ మధ్య పెట్టుకుంది.

"ఆపనా అత్తా?"

తల అడ్డంగా ఊపింది.

అంతా అయ్యాక కడిగి, దుప్పటి మార్చాను. దూరంగా రోడ్డు మీద డప్పు మోగుతోంది. గ్లాసు నింపి నోటి దగ్గర పట్టాను.

"తాగితే మళ్ళ నా ఉచ్చ నువ్వే ఎత్తాలె. గిందుకేనా నిన్ను సాకింది?" అంది. ఆమె కళ్ళు నిండాయి.

"నేనే ఎత్తుత అత్తా. తాగు."

సగం తాగింది. సగం దిండు మీద ఒలికింది.

ఆ తర్వాత గోడ తడవలేదు. చలికాలం ముదరకముందే మంచం కూడా ఖాళీ అయింది.