బావకు నేను తాగించిన కొబ్బరినీళ్లు

మా అక్కను ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర కొబ్బరితోటల వాళ్లకిచ్చారు. రెండువేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు, ఆ చుట్టుపక్కల చాలామందికి వచ్చినట్టే బావకూ కిడ్నీల జబ్బు వచ్చింది. కొబ్బరినీళ్లు ముట్టవద్దని టెక్కలిలో డాక్టరు చెప్పాడు. అక్క ఆ మాట తప్పలేదు. తప్పింది నేను.

అప్పుడు పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసేవాణ్ణి. మా వాళ్లందరిలో చదువుకున్నవాణ్ణి నేనేనన్న గర్వం ఉండేది. ఆ ఏడాది బావకు మతిమరుపు మొదలైంది. కాయలు దింపించేసిన తోటకే మర్నాడు మళ్లీ మనిషిని పంపేవాడు. కొబ్బరినీళ్లు మెదడుకు బలమని, జ్ఞాపకశక్తి పెంచుతాయని ఏదో వారపత్రికలో చదివాను. దానికి తోడు మా ఉద్దానంలో ఒక నమ్మకం: రోగమంతా బోరు నీళ్లలోనే ఉంది, చెట్టు అంతెత్తుకు లాక్కుని కాయలో దాచిన నీళ్లకు ఏ దోషమూ అంటదు. బోరు నీళ్లు తాగనిచ్చి కొబ్బరినీళ్లు వద్దన్న ఆ డాక్టరుకు ఏమీ తెలియదనుకున్నాను.

వేసవిలో జీడిపిక్కలు కొనే పని మీద రోజూ అటు వెళ్లేవాణ్ణి. అక్క కంటపడకుండా బావను తోటలోకి తీసుకెళ్లి బొండం కొట్టి ఇచ్చేవాణ్ణి.

"మీ అక్క సూసిందంటే ఇద్దర్నీ ఈ కత్తితోనే నరుకుద్ది బామ్మర్దీ," అంటూ బావ తాగేసి, ఇంకోటి కొట్టమనేవాడు.

పది రోజులు గడవకముందే ఒక ఉదయం బావ మంచం దిగలేకపోయాడు. కాళ్లు స్వాధీనంలో లేవు. ఆటోలో పలాస, అక్కణ్ణుంచి శ్రీకాకుళం తీసుకెళ్లాం. రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగేంత పనయిందని అక్కడి డాక్టరు చెప్పాడు. మంచి కిడ్నీలైతే దాన్ని బయటికి పంపేస్తాయట, బావవి పంపలేవు. మతిమరుపు కూడా ఒంట్లో పేరుకున్న మలినం వల్లే కావచ్చన్నాడు. కొబ్బరినీళ్లు మెదడుకు మంచివేనా అని ఊరికే అడిగినట్టు అడిగాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తాగితే తప్పులేదు గానీ, మెదడుకు మేలని గట్టిగా తేలలేదన్నాడు.

ఏం తినిపించావని అతను అక్కను నిలదీశాడు. ఆకుకూర, అరటికాయ, చారు అంటూ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని చెప్పింది. నేను పక్కనే నిలబడి నేలచూపులు చూశాను. కోలుకున్నాక బావ కూడా బొండాల సంగతి ఎవరికీ చెప్పకుండా నా పరువు కాపాడాడు.

ఇంటికొచ్చాక అక్క, తప్పు తన వంటదేనని నిర్ణయించుకుని, చింతపండు చారు కూడా మానేసింది. బావకు చారు లేనిదే ముద్ద దిగదు. పల్చగా రెండు గరిటెలు పోయవచ్చని డాక్టరు చెప్పినా ఆమెకు ధైర్యం చాలలేదు. బావ చప్పిడి కూరతో అన్నం మింగుతుంటే ఎన్నోసార్లు ఎదురుగా కూర్చున్నాను. ఒక్క మాట చెబితే ఆమె భయం తీరేది. చెప్పలేదు. ఏడాది తిరగకుండానే బావ ఆ జబ్బుతో పోయాడు.

పెద్దకర్మ మర్నాడు అక్కకు అంతా చెప్పాను.

"మంచి సేద్దామనే ఇచ్చుంటావు, దానికేటిలే," అంది. "చారు పొయ్యమని అడిగితే ఆయన్ని కసురుకున్నాన్రా. ఆసుపత్రిలో నువ్వు నోరిప్పుంటే పోసీదాన్ని కదా."

తరువాత లేచి నాకు అన్నం పెట్టింది. నేను తిన్నాను.