పడుకోబెట్టి అంటించిన రెక్కలు

తాను అంటించిన ముక్క నిలిచిందో లేదో చూడకుండా వెళ్లిపోయిన మనిషిది భయమా, నమ్మకమా? ఇన్నేళ్లయినా నాకు తేలలేదు.

మా ఆవిడ తమ్ముణ్ణి ఇంట్లో అందరం పంకా అనేవాళ్లం. ఒకచోట కూర్చోడు, కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది. పాత కంప్యూటర్లు విప్పే కొట్లో పని. అంతకుముందు ఎన్ని కొట్లు మారాడో వాళ్ల అక్కకే గుర్తులేదు.

చూపు మందగించాక నేను పుస్తకాలన్నీ కంప్యూటర్ తెర మీదే, అక్షరం బొటనవేలంత చేసుకుని చదివేవాణ్ణి. అది వేడెక్కి పేజీ మధ్యలో ఆరిపోవడం మొదలెట్టింది. కొత్తది కొనే స్థితి కాదు. అది పోతే నా చదువు పోయినట్టే.

పంకా వచ్చి, కంప్యూటర్ పెట్టెను నేలమీద పడుకోబెట్టి మూత తీశాడు. లోపల తడిమి, చురుక్కుమని వేలు లాక్కున్నాడు.

"ప్రాసెసర్ చల్లగానే ఉంది బావా. దానికి కరెంటు అందించే ఈ బుల్లి చిప్పులే మాడుతున్నాయి. రాజుగారికి గొడుగు పట్టి, పల్లకీ మోసేవాళ్లని ఎండకి వదిలేశారు."

సంచిలోంచి ఏదో చచ్చిన కంప్యూటర్ తాలూకు, వేడి లాగేసే అల్యూమినియం హీట్‌సింక్ తీశాడు. దువ్వెన పళ్లలా రెక్కలు. హాక్సాతో ముక్కలు కోసి, ఆకురాయితో అడుగు నునుపు చేసి, ప్రాసెసర్‌కి రాసే తెల్ల పేస్టు పూసి చిప్పుల మీద అద్దాడు.

"జిగురు లేదురా?" అన్నాను.

"ఉంది. ఆరడానికి ఒక రోజు పడుతుంది బావా. అంతసేపు ఎవడు కూర్చుంటాడు?"

పడుకున్న పెట్టె సాయంత్రందాకా భేషుగ్గా నడిచింది. బల్ల మీద నిలబెట్టి నడిపిస్తే, వేడికి పేస్టు జారి ఓ ముక్క టక్కుమని కింది కార్డు మీద పడింది. నిప్పురవ్వ లేచింది. మా ఆవిడ ప్లగ్గు పీకేసింది.

"నువ్వు అంటించేవన్నీ ఇంతేరా! ఉద్యోగం ఇంతే, అద్దిల్లు ఇంతే. నీ బతుకులో నిలబడింది ఒక్కటుందా? ఆయనకి మిగిలింది ఆ తెరొక్కటి. దాన్నీ తగలెట్టు!"

పంకా మోకాలు ఆగింది. అది చూసి నాకే భయమేసింది.

అదృష్టం, బోర్డు బతికే ఉంది. పేస్టంతా స్పిరిట్‌తో తుడిచాడు. ఈసారి జిగురు పెట్టి, ఒక్కో ముక్కనీ వేలితో అదిమి పట్టాడు. "రేపటిదాకా ఎవరూ కదపకండి" అని పెట్టె పక్కనే చాప వేసుకున్నాడు.

కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషి మర్నాడంతా ఆ గది దాటలేదు. గోడకి ఆనుకుని, మోకాళ్లు చేతుల్తో కట్టేసుకున్నట్టు పట్టుకుని, ఆ ముక్కల్నే చూస్తూ కూర్చున్నాడు.

అక్క అన్నం అక్కడికే తెచ్చింది. "ఏదో కోపంలో అన్నాన్లేరా."

"లేనిదేం అన్లేదుగా" అన్నాడు, ముద్ద కలుపుతూ.

సాయంత్రం గోటితో ఒక ముక్కని నెట్టి చూసి, "ఆరింది బావా. ఇక నిలబెట్టుకో" అన్నాడు.

ఆవిడా నేనూ చెరోపక్కా పట్టి పెట్టెను బల్ల మీద నిలబెట్టాం. మీట వేశాను. చెవులు రెండూ పెట్టెలోనే ఉన్నాయి. నిన్న ఆగిపోయిన పేజీ తెరిచాను. తిప్పాను. ఇంకో పేజీ తిప్పాను. పెట్టె వేడెక్కింది, ఏదీ రాలలేదు.

"ఒరేయ్, నిలబడిందిరా!" అంటూ మా ఆవిడ వెనక్కి తిరిగింది.

చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. గుమ్మంలో చెప్పులు లేవు. వీధి గేటు ఇంకా ఊగుతోంది.