వాసన రాని మోటారు

అది 2023 కార్తీకం. చిట్టమూరు అవతల రొయ్యల గుంటల దగ్గర పని. కొన్నాళ్ళుగా ఒకటే ముసురు. ఎండ లేదు, గాలి లేదు. ఎండ లేకపోతే గుంట నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. అప్పుడు రొయ్యలకు దిక్కు ఏరేటర్, అంటే నీళ్ళను చిలికే రెక్కల చక్రాల వరుస. రొయ్యలు పెంచే మస్తానమ్మ గుంటలో సరిగ్గా అదే ఆగిపోయింది.

నేను మోటార్ల వైండింగ్ చేస్తాను. మోటారు లోపలి రాగితీగ కాలిపోతే పాతది కోసేసి కొత్తది చుట్టడం నా పని. బడిలో నేర్చింది కాదు, పాడైన మోటార్లు విప్పి విప్పి నేర్చుకున్నాను. ఈ తీరంలో నా చెయ్యి పడని మోటారు లేదని నలుగురిలో అనేవాణ్ణి కూడా.

మస్తానమ్మ ఆ ఏడే మోటారుకు డ్రైవ్ పెట్టించింది. వేగం పెంచి తగ్గించే ఎలక్ట్రానిక్ పెట్టె అది. వాటిని చూస్తే నాకు ఒళ్ళుమంట. చెడితే బాగుచేసుకోనివ్వరు, కొత్తది కొనమంటారు. ఫోను తెరిస్తే "కాలంతో పాటు మారండి" అని సూటు వేసుకున్నవాళ్ళ ఉపన్యాసాలు. వాళ్ళలో ఒక్కడైనా రొయ్యలు తేలుతున్న గుంట గట్టు మీద నిలబడ్డాడా?

మోటారు మూత తీసి, అలవాటుగా ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూశాను. కాలిన వైండింగ్ మాడు వాసన కొడుతుంది. "వాసనేం లేదే" అని పైకే అన్నాను. టెస్ట్ లాంప్ పెట్టి చూస్తే తీగ కూడా బాగానే ఉంది. పక్కనే డ్రైవ్ మీద ఏవో ఎర్ర అక్షరాలు వెలిగి ఆరుతున్నాయి. నేను అటు చూడలేదు.

"వైండింగ్ పోయిందమ్మా. మోటారు దించండి, రేపటికి చుట్టిస్తాను."

మస్తానమ్మ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. "రేపటికి గుంటలో ఏముంటాయన్నా? ఇప్పుడే తేలతా ఉండాయి" అంది. అని నా మొహంలోకి చూసింది. "వాసన లేదని నువ్వే గదా చెప్పినావు? మళ్ళా పొయ్యిందని ఎట్టంటావు?"

ఆమె డ్రైవ్ వైపు చెయ్యి చూపింది.

"ఆ పెట్టె సంగతి నీకు తెలీదు. తెలీదని చెప్పన్నా, తెలిసినోళ్ళని అడుగుదాం."

పక్క గుంట రైతు గట్టు మీంచి నవ్వాడు. "ఆయన నోట ఆ మాట రావాలంటే రొయ్యలన్నీ చావాల్సిందే అక్కా!"

"తెలీదమ్మా" అన్నాను. ఆ మాట నా చెవులకే కొత్తగా వినబడింది.

మస్తానమ్మ డ్రైవ్ అమ్మిన నెల్లూరు షాపుకి వీడియో కాల్ చేసి, ఫోను ఆ ఎర్ర అక్షరాల ముందు పట్టుకుంది. అవతల ఒక ఆడపిల్ల. మెయిన్ ఆపించింది. నేను స్క్రూడ్రైవర్ తీసుకుని పెట్టె మీదికి వంగాను.

"చెయ్యి తీయండి పెద్దాయనా! కరెంటు ఆపినా లోపల చార్జ్ ఉంటది. కాసేపు ఆగండి."

ఆగాను, చేతులు కట్టుకుని. అందరూ చూస్తున్నారు. వానలో తడుస్తూ కూడా నా మొహం మండిపోయింది.

ఆ ఎర్ర అక్షరాలకు అర్థం ఆ పిల్లే చెప్పింది. కరెంటు తెచ్చే మూడు ఫేజుల్లో ఒకటి లోపలికి రావడం లేదట. మూత తీస్తే ఒక టెర్మినల్, అంటే తీగ బిగించే చోటు, ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగించాను. మెయిన్ వేయగానే చక్రాలు తిరిగాయి. ఒడ్డున కొన్ని చచ్చాయి గానీ, చాలాసేపటికి మిగతావి మెల్లగా అడుక్కి దిగాయి.

చిలుము తుడవడం నాకు చేతకాని పనా? అది నాకు గిట్టని పెట్టెలో ఉంది, అంతే. నాకు తెలిసింది వైండింగ్ కాబట్టి జబ్బు కూడా వైండింగ్‌లోనే ఉండాలనుకున్నాను. నిక్షేపంలాంటి మోటారును కోసేవాణ్ణి, ఆమె గుంటను ముంచేవాణ్ణి.

కొత్త పని నేర్చుకోవడం కష్టం కాదని ఆ రోజు తెలిసింది. తెలియని మనిషిగా నలుగురి ముందు ఆ కాసేపు నిలబడటమే కష్టం. సూటు వేసుకున్నవాళ్ళు ఆ కాసేపటి గురించి ఎప్పుడూ చెప్పరు. ఇప్పుడు కొత్త పెట్టె ఏది కనబడినా "ఇది నాకు తెలీదు" అని ముందే అనేస్తాను. ఈ రోజుకీ చెవులు వేడెక్కుతాయి. వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ తీస్తాను.